దొరగారి పంపుహౌసు

పదిహేడో చుట్టుకి వాల్వు చక్రం పట్టు వదిలింది. పద్దెనిమిదో చుట్టుకి గొట్టంలో గాలి గుర్రుమంది. ఇరవయ్యో చుట్టుకి నీళ్లు కదిలిన బరువు అతని మోచేతులకు తెలిసింది. అక్కడితో ఆపి, ఇనుప చక్రానికి అరచేతులు ఆనించి కాసేపు నిలబడ్డాడు. అప్పుడే తెల్లవారుతోంది. ఈపాటికి ఊళ్లో మొదటి కుళాయి రెండుసార్లు దగ్గి, ఎవరి బిందెలోనో ధార కట్టి ఉంటుంది. ఆ బిందె పెట్టిన మనిషికి నీళ్లొచ్చాయన్న సంగతే తప్ప, వాటిని వదిలినవాడు ఒకడున్నాడన్న సంగతి తట్టదు. అందుకు అతనికి బాధ లేదు. నీళ్లు అలాగే రావాలి. అతని బాధ వేరు.

అతనికి యాభై ఆరేళ్లు. మనిషి పొట్టి. ముప్పై నాలుగేళ్లు చక్రాలు తిప్పడంతో భుజాలు మాత్రం ఎవరో పెద్ద మనిషి దగ్గర అరువు తెచ్చుకున్నట్టుంటాయి. కుడి బొటనవేలికి సగం గోరే ఉంది, తక్కిన సగం ఒకటో పంపు తినేసింది. ఎంత సబ్బు రుద్దినా చేతి గీతల్లో నూనె నలుపు పోదు. ఊళ్లో అతన్ని పంపాయన అంటారు. పంపుహౌసును మాత్రం దొరగారి పంపుహౌసు అంటారు. దాన్ని కట్టించిన తెల్లదొర ఓడెక్కి వెళ్లిపోయి ఎన్నాళ్లయిందో లెక్కపెట్టేవాళ్లే పోయారు. ఆవిరి యంత్రం పోయి కరెంటు మోటార్లు వచ్చాయి. పంపుల లోపలి రెక్కలు మూడుసార్లు మారాయి, గొట్టాలు సగానికి సగం మారాయి, ఒక గాలివానకు కప్పు ఎగిరిపోతే కొత్తది వేశారు. అయినా పేరు దొరదే. తనిఖీకి వచ్చిన ప్రతి అధికారీ నడుం మీద చేతులు పెట్టుకుని, దొరల కాలం పనంటే ఇదయ్యా, చెక్కు చెదరలేదు అని మెచ్చుకుని పోతాడు. చెదిరినప్పుడల్లా ఒళ్లంతా నూనె చేసుకుని సరిచేసిందెవరని ఒక్కడూ అడగడు.

గుమ్మం పక్క గోడకు ఇత్తడి పలక ఒకటి ఉంది. దొర పేరూ హోదా, ఎవరి ఏలుబడిలో కట్టిందీ వాళ్ల భాషలో చెక్కి ఉంటుంది. రోజూ పొద్దున దాన్ని తోమడం అతని పనుల్లో ఒకటి. బూడిదతో, తడిగుడ్డతో శ్రద్ధగానే తోముతాడు గాని, పేరున్న వరుస మీద మాత్రం గుడ్డ గట్టిగా ఆనించడు. అందువల్ల పలకంతా అద్దంలా మెరుస్తుంటే, పేరు దగ్గర పచ్చగా చిలుం పట్టి ఉంటుంది. చచ్చి ఏ మట్టిలో కలిశాడో తెలియని మనిషి మీద అసూయేమిటయ్యా అని అతన్ని ఎవరూ అడగలేదు. అడిగితే చూపించడానికి జవాబు ఉంది. అది ఇంట్లో మంచం మీద పడుకుని ఉంది.

ఇల్లంటే పంపుహౌసు వెనక, పనివాళ్లకిచ్చే రెండు గదులు. మొదటి గదిలో కిటికీ పక్కన తండ్రి మంచం. ఆయనకు ఎనభై దాటి చాలా ఏళ్లయింది. కాళ్లు పడిపోయాయి, చూపు మసకేసింది, చెవులు మాత్రం పాముచెవులు. ఆ చెవులే ఆయన బతుకు. పదమూడేళ్లప్పుడు పంపుహౌసులో బొగ్గుబూడిద ఎత్తిపోసేవాడట. ఒకనాడు, పంపు చప్పుడు తేడాగా ఉందని అన్నాడట. మేస్త్రీ చెంప పగలగొట్టాడు. దొర మాత్రం యంత్రం ఆపించి, విప్పించి చూస్తే లోపల ఇరుసు బీటవారి ఉంది. మర్నాటినుంచి ఆ పిల్లవాడికి పంపు పక్కనే ఒక ముక్కాలిపీట, రోజంతా చప్పుడు వినే ఉద్యోగం. వచ్చీరాని మాటలతో దొర, "వీడి చెవి బంగారం" అన్నాడట. ఆ మూడు ముక్కలూ తండ్రి ఇన్నేళ్లుగా రోజుకొకసారైనా తలుచుకున్నాడు.

దొర వెళ్లిపోయాక బడిపంతులు చేత ఎనిమిది ఉత్తరాలు రాయించాడు. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఓడలు ఆలస్యమని కొన్నాళ్లు, ఆయనకు ఒంట్లో బాగోలేదేమోనని కొన్నాళ్లు సరిపెట్టుకున్నాడు. అతని తల్లి బతికున్నన్నాళ్లూ నవ్వుతూనే అనేది, మీ నాన్నకి దొర మొదటి పెళ్లాంరా, నేను రెండోదాన్ని అని. నవ్వుతూ అన్నా ఆ మాటలో ఎంత ఉప్పుందో కొడుక్కి తెలుసు. అతనికి ఇరవై రెండేళ్లప్పుడు ఏరు పొంగి పంపులు మునిగాయి. మూడు రోజులు నడుంలోతు నీళ్లలో నిలబడి, రెండు పంపులూ విప్పి, తుడిచి, బిగించి తిప్పాడు. ఊరంతా గుమ్మంలో చేరి చప్పట్లు కొట్టింది. తండ్రి వచ్చి, తల ఒకపక్కకు వంచి, కాసేపు చప్పుడు విని, "దొరగారైతే ఒక్కరోజులో తిప్పేవారు" అన్నాడు.

ఆ మాట అతనికి అరిగింది లేదు, కరిగింది లేదు. మెచ్చుకోవడం చేతకాని తండ్రయితే పోనీలే అనుకునేవాడే. చేతకాక కాదు, ఆ మెప్పంతా మూటగట్టి ఓడెక్కిపోయిన వాడికి అప్పజెప్పాడు. అందుకే ఎక్కడైనా నలుగురు కూర్చుని తెల్లవాళ్లు మంచి చేశారని ఒకరు, దోచుకుపోయారని ఒకరు వాదించుకుంటుంటే, అతను రెండోవాడి పక్కన చేరేవాడు. ఎంత పట్టుకుపోయారో లెక్కలు అతనికి తెలియవు. తన ఇంట్లోంచి ఏం పట్టుకుపోయారో మాత్రం తెలుసు.

ఆ పూట పొద్దుటి సరఫరా కట్టేసి, ఇంటికి వచ్చి తండ్రికి గడ్డం గీస్తుంటే భార్య చెప్పింది. కాలేజీ నుంచి ఇద్దరు అమ్మాయిలు వస్తారట, మామయ్యను పాతకాలం సంగతులు అడుగుతారట, నిన్న కుళాయి దగ్గర కనిపించి అడిగితే రమ్మన్నానంది. అతని చేతిలో కత్తి ఆగింది. నురుగులోంచి తండ్రి మొహం వెలిగిపోవడం చూశాడు.

వాళ్లు పదకొండింటికి వచ్చారు. ఒకామెకు కళ్లద్దాలు, ఇంకొకామె చేతిలో గొడుగు. పరాయి పాలన మనకు మేలు చేసిందా, కీడు చేసిందా అని కాలేజీలో వాదన పోటీ ఉందట. కళ్లద్దాలమ్మాయిది మేలు పక్షం, గొడుగమ్మాయిది కీడు పక్షం. స్నేహితులై ఉండి చెరో వైపు ఎందుకున్నారని భార్య అడిగితే, ఎవరికేది రావాలో చీటీలు తీశారని చెప్పారు. తండ్రి బోసినోటితో నవ్వాడు.

"మాకూ అంతేనమ్మా. మమ్మల్నెవరూ అడగలేదు. చీటీలో వచ్చిందే" అన్నాడు.

పాలన సంగతి పెద్దవాళ్లకు తెలియాలి, నాకు తెలిసింది దొరగారొక్కరే అంటూ మొదలుపెట్టాడు. బొగ్గుబూడిద, చెంపదెబ్బ, ఇరుసులో బీట, ముక్కాలిపీట, బంగారు చెవి, అన్నీ వరసగా వచ్చాయి. కళ్లద్దాలమ్మాయి గబగబా రాసుకుంటోంది. గొడుగమ్మాయి కలం మూత కొరుకుతోంది. అతను గుమ్మంలో నిలబడి ఆ కథ వెయ్యిన్నొకటోసారి విన్నాడు. ఇంతకుముందెప్పుడూ ఆ కథ ఎవరి పుస్తకంలోకీ ఎక్కలేదు. ఇవాళ ఎక్కుతోంది. రేపు వేదిక మీద మైకులో చదువుతారు. వింటున్నకొద్దీ అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఊరికి నీళ్లిచ్చిన మహానుభావుడమ్మా ఆయన" అన్నాడు తండ్రి.

"ఏ ఊరికి నాన్నా?" అన్నాడు అతను.

అందరూ అతని వైపు తిరిగారు. అతని గొంతు పెద్దది కాలేదు. నూనె డబ్బా ఎక్కడుందో చెప్పినంత మామూలుగా చెప్పాడు. ఆ గొట్టం గుట్టమీది బంగళాలకు వెళ్లేదని, వాళ్ల పూలమొక్కలకు, గుర్రాల తొట్లకు వెళ్లేదని, వాళ్లు పోయిన తొమ్మిదేళ్లకు గాని మన వీధికి కుళాయి రాలేదని చెప్పాడు. తర్వాత, నాన్నమ్మ బతికుండగా ఒక్క తనకే చెప్పినది, తండ్రి ముందు ఎన్నడూ ఎత్తనిది, ఇద్దరు పరాయిపిల్లల ముందు బయటపెట్టాడు. ఒక ఎండాకాలం బావి ఎండిపోతే, పంపుహౌసు గోడ పక్క కాలవలోకి కారిపోయే వృథానీళ్లు పట్టుకోవడానికి నాన్నమ్మ కుండ పట్టుకుని వెళ్లింది. కాపలావాడు కర్రతో ఆ కుండ పగలగొట్టాడు.

"ఆ కాపలావాడికి ఆ హుకుం ఎవరిచ్చారు నాన్నా? నీళ్లు ముట్టుకోవద్దని గోడమీద కాగితం అంటించి కింద సంతకం పెట్టిందెవరు? అప్పుడు నువ్వెక్కడున్నావు? గోడకి ఇవతల, పీట మీదే కదా."

నాన్నమ్మ తరఫున అడిగినట్టే ఉంది గాని, ఆమె కోసం అడగలేదని అతనికి ఆ మాట ముగియకముందే తెలిసిపోయింది.

తండ్రి దుప్పటి అంచును వేళ్లతో నలుపుతూ ఉండిపోయాడు.

"విన్నాను" అన్నాడు చివరికి. "కుండ పగిలింది విన్నాను. రెండు పంపులూ తిరుగుతున్నాయి. అయినా వినపడింది."

భార్య వంటగది గుమ్మం దగ్గర ఆగిపోయింది.

"లేవలేదు. లేస్తే పీట పోతుంది."

కళ్లద్దాలమ్మాయి పుస్తకం మూసేసింది. ఆ మాటతో పోటీ గెలవగలిగిన గొడుగమ్మాయి కూడా ఒక్క అక్షరం రాసుకోలేదు. ఇద్దరూ లేచి, తాతగారూ వెళ్లొస్తామని మెల్లగా చెప్పి బయటికి నడిచారు. ఆయన తల ఊపాడో లేదో తెలియలేదు.

అమ్మాయిలు సందు మలుపు తిరిగేదాకా భార్య ఆగింది. తర్వాత కంచం తెచ్చి అతని ముందు పెట్టింది.

"చచ్చిపోయిన దొరమీద గెలిచారు కదా. ఇక అన్నం తినండి."

అతను తిన్నాడు. తండ్రి తినలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అతను రెండుసార్లు మంచం దాకా వెళ్లి తిరిగొచ్చాడు. గెలిచిన తృప్తి కోసం లోపల ఎంత వెతుక్కున్నా దొరకలేదు. అసూయ మాత్రం పెట్టినచోటే ఉంది. దొరను తిడితే తండ్రి తనవాడవుతాడని ఇన్నాళ్లూ అనుకున్నాడు. అలా కాదని తెలిసినా దాని కడుపుమంట దానిదే.

నాలుగింటికి సాయంత్రం సరఫరా. వాల్వు తిప్పి, పంపులు రెండూ వేసి, పీడనం ముల్లు నిలబడేదాకా చూసి, రిజిస్టరులో గంట రాసుకున్నాడు. అయిదున్నర అవుతుండగా గుమ్మంలో భార్య కనిపించింది. పెళ్లైనప్పటినుంచి ఆమె పంపుహౌసు గడప తొక్కింది నాలుగైదుసార్లే.

"మామయ్య పంపించారు. రెండోదానికి బేరింగు ఎండిపోయిందట. చూసుకోమన్నారు."

అతను చెవి ఒగ్గాడు. ఏమీ తేడా లేదు. రోజూ ఉండే గొణుగుడే. ముల్లు ఉండాల్సిన చోటే ఉంది. ఈ వయసులో, నడవలేక, కనపడక, మంచం మీదనుంచి గోడ అవతలి పంపుకి వంక పెడుతున్నాడు, ఇదీ దొర పెట్టిన పీట మహిమే అనుకున్నాడు. ఏం లేదని చెప్పు పో అనబోయి, ఎందుకో వెళ్లి బేరింగు పెట్టె మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. పెనంలా కాలుతోంది.

ఆమెను ఇంటికి పంపి, పంపు ఆపాడు. చల్లారనిచ్చి మూత విప్పాడు. ఇరుసుతో పాటు తిరుగుతూ అడుగునుంచి నూనెను పైకి తెచ్చే రింగు చిక్కుకుని నిలిచిపోయింది. ఇంకో అరగంట తిరిగితే లోపలి లోహం కరిగి పంపు పట్టేసేది, ఊరికి వారం రోజులు నీళ్లుండేవి కావు. రెండడుగుల దూరంలో ఉన్న తనకు వినపడనిది, గోడ అవతల ముసలాయనకు వినపడింది. ఆ చెవిని దొర ఎందుకు పీట ఎక్కించాడో అతనికి మొదటిసారి అర్థమైంది. అర్థమైనందుకు మళ్లీ ఒళ్లు మండింది. రింగు వదులుచేసి, మడ్డినూనె దించేసి, కొత్త నూనె పోసి, మూత బిగించి, స్విచ్చు వేశాడు. పంపు అందుకుంది. చప్పుడు మెత్తగా, పాలు పొంగేముందు గిన్నెలో వచ్చే చప్పుడులా ఉంది. అప్పుడు గాని ఇందాకటి చప్పుడులో తేడా ఏమిటో అతనికి తెలియలేదు.

చేతులు గుడ్డతో తుడుచుకుంటూ ఇంటికి నడిచాడు. నువ్వు చెప్పిందే నిజం నాన్నా, రింగు పట్టేసింది అనాలి. పది అడుగుల దారిలో ఆ మాట మూడుసార్లు సరిచూసుకున్నాడు.

భార్య మంచం పక్కన నేలమీద కూర్చుని ఉంది. తండ్రి చెయ్యి ఆమె చేతిలో ఉంది. కిటికీ తెరిచే ఉంది. ఆమె తలెత్తి చూసిన చూపుతోనే అతనికి తెలిసింది. గుడ్డ చేతిలోనే ఉండిపోయింది.

కాసేపటికి ఆమె చెప్పింది. పంపు ఆగినప్పుడు ఆయన కళ్లు తెరిచాడట. ఆగినంతసేపూ అలాగే పైకి చూస్తూ ఉన్నాడట. మళ్లీ మొదలయ్యాక తల ఒకపక్కకు వంచి విన్నాడట.

"'వాడి చెయ్యి పడింది, ఇంక పర్లేదు' అన్నారు. దాహం అన్నారు. నీళ్లిచ్చాను. తాగి, అటు తిరిగారు. అంతే."

అతను తండ్రి మొహం వైపు చూస్తూ నిలబడ్డాడు. పొద్దున తాను గీసిన గడ్డంలో చెవి కింద రెండు వెంట్రుకలు మిగిలిపోయాయి. అడగకూడదని తెలుసు. అయినా అడిగాడు.

"ఎవరి చెయ్యి? దొర చెయ్యా?"

భార్య అతని వైపు విసుగ్గా, తర్వాత జాలిగా చూసింది.

"'వాడు' అన్నారండీ. మామయ్య దొరని ఎప్పుడైనా 'వాడు' అన్నారా?"

అతను వెనక్కి తలుచుకున్నాడు. ఆయన, వారు, దొరగారు. జవాబు రాయని ఏళ్లలో కూడా, ఎంత కోపంలో కూడా, మరో మాట ఆ నోట వినలేదు. వాడు, వీడు, ఒరేయ్ అని పిలిపించుకునే మనిషి ఈ ఇంట్లో ఒక్కడే ఉన్నాడు.

అతను మంచం పట్టీ మీద కూర్చున్నాడు. పొద్దున తానన్న మాటలను వెనక్కి తీసుకోవడానికి ఎదుట మనిషి లేడు. ఎవరికైనా కబురు చేయాలి, వీధిలో వాళ్లను పిలవాలి. ఊరికి ఇంకా ముప్పావుగంట నీళ్లు వదలాలి. అతను లేవలేదు. కిటికీ గూట్లో, ఆయన సగం తాగి వదిలిన గాజుగ్లాసులో, పంపుల అదురుకు నీళ్లు సన్నగా, గుండ్రంగా వణుకుతూనే ఉన్నాయి.