ముందు ఎవరిదో తేలాలి

ఆ పెద్దమనిషి ఇస్త్రీ చొక్కా నలగకుండా వచ్చి తాళాల కొట్టు ముందు నిలబడ్డాడు. ఇంటి తాళంచెవి పారేసుకున్నానన్నాడు, ఇల్లు పక్కవీధిలోనేనన్నాడు, వచ్చి తలుపు తీస్తే అడిగినంత ఇస్తానన్నాడు. కొత్తగా పనిలో చేరిన పిడుగు అప్పటికే పనిముట్ల సంచి భుజాన వేసుకుంది. పెద్దమ్మ మాత్రం బల్ల దగ్గర నుంచి కదల్లేదు. చేతిలో ఉన్న తాళంచెవిని ఆకురాయితో రెండుసార్లు రుద్ది, ఉఫ్‌మని ఊది, వెలుతురుకు ఎత్తి చూసుకుని, అప్పుడు అడిగింది.

"మీ పక్కింట్లో ఎవరుంటారు?"

"పక్కింట్లోనా? ఎవరో... పెద్దగా పరిచయం లేదు."

"పోనీ, ఎదురింట్లో?"

"తాళం తియ్యమంటే జనాభా లెక్కలు రాస్తున్నావేంటమ్మా?"

"ఎవరో ఒకర్ని వెంటబెట్టుకు రండి బాబూ. ఇల్లు మీదేనని వాళ్ళు ఒక్క ముక్క చెబితే చాలు, చిటికెలో తీసేస్తాను."

ఇప్పుడే వస్తానని వెళ్ళిన మనిషి మళ్ళీ కనబడితే ఒట్టు.

"చూశావా?" అంది పెద్దమ్మ. "తాళం తియ్యడంలో ఏముందే, నేర్పితే కోతి కూడా తీస్తుంది. ముందు అది ఎవరిదో తేలాలి. మొహం చూడకు, మొహం ఎన్ని వేషాలైనా వేస్తుంది. చేతులు చూడు. నిజంగా తాళంచెవి పోయినవాడి చేతులు ఊరుకోవు, జేబులు తడుముకుంటూనే ఉంటాయి."

తాళాలమ్మ కొట్లో పిడుగు నేర్చుకున్న మొదటి పాఠం అది. బజారంతా పెద్దమ్మను తాళాలమ్మ అనే పిలుస్తారు. మిగతా వ్యాపారాలకు నమ్మకం పెట్టుబడి అంటారు గాని, ఈ వ్యాపారానికి మాత్రం అనుమానమే పెట్టుబడి. ఆ పెట్టుబడి పిడుగు దగ్గర ఏడాది తిరిగేసరికి బాగానే పోగుపడింది. ఎంత పోగుపడిందంటే, చివరికి దాన్ని పెద్దమ్మ మీదే ఖర్చు పెట్టాల్సి వచ్చింది.

పిడుగు ఈ ఊరు రావడం అంత తేలిగ్గా జరగలేదు. చదువైపోయి ఇంట్లో కూర్చున్న పిల్ల ఉన్నట్టుండి పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి తాళాల పని నేర్చుకుంటానంటే, నాన్న అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. ఆయనతో చిక్కేమిటంటే, ఎడ్డెమంటే తెడ్డెమనే మనిషి. కూరలో ఉప్పెక్కువైందని ఎవరైనా అంటే, సరిపోలేదని ఇంకాస్త వేసుకుని మరీ తింటాడు. తిన్నాక రోజంతా మంచినీళ్ళు తాగుతాడు, అది వేరే సంగతి. అలాంటి మనిషి వారం తిరక్కుండానే "సరే, ఏడాది వెళ్ళి రా, నీ ముచ్చట తీరుతుంది" అన్నాడు. ఎందుకన్నాడో పిడుగు ఆలోచించలేదు. అదృష్టం అనుకుని పెట్టె సర్దుకుంది.

అమ్మ గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదని పిడుగు అభిప్రాయం. నాన్న తందాన అంటే అమ్మ తాన అంటుంది. కిటికీకి ఏ రంగు పరదా కట్టాలన్నా "మీ ఇష్టమండీ" అంటుంది. ఆ మాట వింటే పిడుగుకు ఒళ్ళు మండేది. పోనీ, కూతురు వెళ్తానన్నప్పుడైనా "మీ ఇష్టమండీ" అని ఊరుకుందా? లేదు. ఆ వారమంతా "పిల్లని పంపొద్దండీ, పంపొద్దండీ" అని ముక్కు చీదుతూ ఇల్లంతా తిరిగింది. నోరు తెరవక తెరవక ఒక్కసారి తెరిచింది, అదీ కూతురి కాళ్ళకు అడ్డం పడటానికే. ఆ మాట పిడుగు ఇప్పటికీ మరిచిపోలేదు.

అమ్మ తోడబుట్టిందే అయినా పెద్దమ్మ అలా కాదు. పెదనాన్న పోయాక కొట్టు మూసెయ్యమని ఊరంతా చెప్పినా వినకుండా, ఆయన కూర్చున్న స్టూలు మీదే కూర్చుని, ఆయన ఆకురాయే పట్టుకుని ఇన్నేళ్ళు నెట్టుకొచ్చింది. ఆమె చెవి మీద పెన్సిల్ పెట్టుకుంటే పిడుగూ పెట్టుకుంది. ఆమె చేతులు మోచేతుల దాకా ఎలా మడుస్తుందో పిడుగూ అలాగే మడిచింది. ఆఖరికి నవ్వు కూడా మార్చుకుంది. కొత్తలో ఆకురాయి జారి వేళ్ళు గీరుకుపోయి, ఒక మూల కూర్చుని ఏడుస్తుంటే పెద్దమ్మ వచ్చి "ఏడుపొస్తే చేతికి పని చెప్పవే, కళ్ళకు చెప్పకు" అంది. పిడుగుకు అది వేదవాక్కయింది. అమ్మ ఒక్కనాడైనా ఇలాంటి మాట చెప్పిందా అనుకుంది.

ఏడాది గడువు దగ్గరపడింది. ఆదివారం వస్తున్నానని నాన్న కబురు పంపాడు. ఉండనిస్తాడో, పెట్టె సర్దిస్తాడో తెలియదు. పెద్దమ్మ ఒక్క మాట గట్టిగా చెబితే ఉండిపోవచ్చని పిడుగు ఆశ. ఇక్కడ తన చేత్తో చేసిన తాళంచెవి తిరిగినప్పుడు వచ్చే ఆ చిన్న చప్పుడు కోసం ఆమె ఏమైనా చేసేలా ఉంది. తిరిగి ఆ ఇంటికి, ఆ "మీ ఇష్టమండీ"కి వెళ్ళడం మాత్రం తన వల్ల కాదనుకుంది.

సరిగ్గా అప్పుడే పెద్దమ్మ చేతులు ఊరుకోవడం మానేశాయి.

రోజూ పొద్దున్నే పెద్దమ్మ బకెట్టు పట్టుకుని మేడ మీదికి వెళ్తుంది, బట్టలు ఆరేసి వస్తానని. ఆ రోజు దిగి వచ్చిన బకెట్టులో పిడుగు చెయ్యి పెట్టి చూసింది. చుక్క తడి లేదు. ఉతకని బట్టలు ఆరేసే తెలివితక్కువ మనిషి కాదు పెద్దమ్మ. మేడ మీద ఫోన్‌లో ఎవరితో మాట్లాడుతున్నావని అడిగితే "హోల్‌సేల్ వాడే. తాళంచెవుల సరుకు గురించి" అంది. అంటూ అంటూ చెవి మీది పెన్సిల్ తీసి మళ్ళీ పెట్టుకుంది. మళ్ళీ తీసింది.

ఫోన్‌లో పేరు "హోల్‌సేల్" అనే పడుతుంది, నిజమే. కానీ రోజూ పొద్దున్నే ఫోన్ చేసే హోల్‌సేల్ వాడు ఒక్కసారైనా సరుకు పంపాలి కదా? పళ్ళు కొయ్యని ఉత్త తాళంచెవులు గోడకు తగిలించే మేకులు సగం ఖాళీగానే ఉన్నాయి. వాడు అమ్మేదేమిటో, ఈవిడ కొనేదేమిటో!

మర్నాడు పిడుగు చెప్పులు చేత పట్టుకుని మెట్లెక్కింది. మేడ తలుపు సందులోంచి పెద్దమ్మ గొంతు వినబడింది.

"అలాగే, తీసుకెళ్ళిపొమ్మనే చెబుతాను... బరువైపోయిందంటాను. సరేనా?... దానికి అనుమానం రానిస్తానా?"

పిడుగు మెట్టు మీదే కూలబడింది. 'అది' అంటే తనే. వదిలించుకోవడానికి బేరం నడుస్తోంది. అవతల ఎవరు? నాన్నా? ఎవరైనా సంబంధం తెచ్చిన పెద్దమనిషా? ఆ క్షణం నుంచి ఆమెకు ప్రతి మంచిమాటా ముల్లులా తగిలింది. నిన్న పెద్దమ్మ కొత్త చెప్పులు కొనిపెట్టింది, ఎందుకు? సాగనంపడానికే. "నీ చెయ్యి బాగా తిరిగిందే" అంది, ఎందుకు? ఇక నేర్పేది లేదని చెప్పడానికే. కడుపులో పెట్టుకుని చూసుకుంటుందనుకున్న మనిషి కడుపులో కత్తెర్లు పెట్టుకుందని పిడుగు కుమిలిపోయింది. పైకి మాత్రం "పెద్దమ్మా, టీ పెట్టనా?" అంది. అనుమానం మనిషికి నటన కూడా నేర్పుతుంది.

శనివారం ఎవరింట్లోనో గొళ్ళెం బిగుసుకుపోయిందంటే పెద్దమ్మ హడావిడిగా వెళ్తూ ఫోన్ బల్ల మీద మరిచిపోయింది. కాసేపటికి అది మోగింది. హోల్‌సేల్.

పిడుగు అటూ ఇటూ చూసి, ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది. నోరు విప్పలేదు.

"అక్కా, విను. ఆయన ఇప్పుడే వీధిలోకి వెళ్ళారు, మళ్ళీ వచ్చేస్తారు."

అమ్మ గొంతు. కాదు, అమ్మ గొంతే గాని పిడుగు ఎప్పుడూ వినని గొంతు. అందులో బతిమాలడం లేదు, ముక్కు చీదడం లేదు.

"రేపు నేనూ వస్తున్నాను. నువ్వు మాత్రం తడబడకు. గుమ్మంలో అడుగుపెట్టగానే 'తీసుకెళ్ళిపోండి మరిదిగారూ, నా వల్ల కాదు' అను. నువ్వు తీసుకెళ్ళమంటే ఆయన చచ్చినా తీసుకెళ్ళరు. కిందటేడు నేను చేసిందీ అదేగా? పిల్లని పంపొద్దని కాళ్ళావేళ్ళా పడ్డాను, దెబ్బకి పంపారు. ఇంకో మాట. ఇక మీదట కొత్త రకం తాళాలు కూడా దాని చేతే తీయించు, భయం పోతుంది. నేను చెప్పానని మాత్రం అనకు. ఏడుపొస్తే చేతికి పని చెప్పమన్న మాట నీ నోట్లోంచి వచ్చింది కాబట్టి విన్నది. నేనంటే దానికి పూచికపుల్లతో సమానం. వింటున్నావా?"

"ఊఁ" అంది పిడుగు.

ఫోన్ పెట్టేశాక ఆమె ఎగిరి గంతెయ్యాలి నిజానికి. వెయ్యలేదు. ముందు సిగ్గేసింది. ఆ వెనకే కోపం వచ్చింది. ఇల్లు విడిచి వచ్చి తన కాళ్ళ మీద తను నిలబడ్డానని విర్రవీగింది కదా, ఆ కాళ్ళ కింద అమ్మ అరచేతులు ఉన్నాయని ఎవరూ చెప్పలేదు. ఏడాదిగా తను ఎవరి మాట విన్నట్టు? పెద్దమ్మను చూసి నేర్చుకున్నదాంట్లో పెద్దమ్మది ఎంత? ఇప్పుడు పిడుగు అనుమానించడానికి తను తప్ప ఎవరూ మిగల్లేదు.

పెద్దమ్మ తిరిగి వచ్చింది. పిడుగు ఫోన్ అందించి "హోల్‌సేల్ చేసింది" అంది. పెద్దమ్మ ఆమె మొహం చూడలేదు, చేతులు చూసింది. చూసి స్టూలు మీద చతికిలబడింది.

"విన్నావన్నమాట."

"నువ్వు కూడా పొద్దున్నే అమ్మని అడిగి గాని పని మొదలుపెట్టవా?"

"మీ పెదనాన్న పోయినప్పుడు కొట్టు అమ్మేద్దామనుకున్నానే. ఊరంతా అమ్మేయమంది. అదొక్కతే వద్దంది. 'అక్కా, ముందు ఆ ఆకురాయి చేత పట్టుకో, తర్వాత ఏడుద్దువుగాని' అంది. అంతే, పట్టుకున్నాను. అప్పట్నుంచి దాన్ని అడక్కుండా నేను మేకు కూడా కొట్టను."

"మరి నాతో చెబితే ఏం పోయింది?"

"ఒట్టు వేయించుకుంది. ఇదిగో, కోపాలు తర్వాత. రేపు ఒక్క పూట నోరు మూసుకుని కూర్చో తల్లీ, గండం గట్టెక్కుతుంది."

ఆదివారం నాన్న వచ్చి కొట్లో స్టూలు మీద కూర్చున్నాడు. అమ్మ వెనకాల, గోడకు ఆనుకుని, చేతిసంచి పట్టుకుని నిలబడింది. పెద్దమ్మ బడిపిల్ల పాఠం అప్పజెప్పినట్టు అప్పజెప్పింది.

"తీసుకెళ్ళిపోండి మరిదిగారూ. నా వల్ల కాదు. బరువైపోయింది."

నాన్న కనుబొమలు లేచాయి. "బరువేంటి వదినగారూ? ఏడాది మీకు చాకిరీ చేసిన పిల్ల బరువా?"

"ఏం చాకిరీ లెండి. మొద్దు. ఏమీ వంటబట్టలేదు."

"మా పిల్ల మొద్దా?" నాన్న వెనక్కి తిరిగాడు. "ఏమే, విన్నావా మీ అక్క మాట? నువ్వేమంటావు?"

"మీ ఇష్టమండీ. ఆవిడ వద్దంటోందిగా, తీసుకెళ్ళిపోదాం."

పిడుగు జీవితంలో మొదటిసారి అమ్మ చేతులు చూసింది. మొహంలో ఏమీ లేదు. చేతులు మాత్రం సంచి పట్టీని వేలికి చుట్టి విప్పుతున్నాయి, విప్పి చుడుతున్నాయి. ఇన్నేళ్ళుగా ప్రతి "మీ ఇష్టమండీ" వెనకా ఈ చేతులు ఇలాగే ఉన్నాయేమోనని పిడుగుకు తోచింది.

నాన్న తొడ చరిచాడు. "తీసుకెళ్ళేది లేదు! నా మాటగా చెబుతున్నాను, పిల్ల ఇక్కడే ఉంటుంది. పని పూర్తిగా నేర్చుకునే కదులుతుంది. ఎవరు వద్దన్నా సరే!"

అయిపోయింది. గెలిచారు. పెద్దమ్మ తల వంచుకుని నవ్వు దాచుకుంది. పిడుగు ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు, కావలసింది ఒళ్ళో పడినట్టే. అమ్మ సాయంత్రం బస్సులో నాన్న వెనకే వెళ్ళిపోతుంది, మళ్ళీ ఆయన వీధిలోకి వెళ్ళేదాకా కాచుకుని ఫోన్ చేస్తుంది. కూతుర్ని నిలబెట్టింది తనేనని నాన్న జీవితాంతం చెప్పుకుంటాడు. కూతురు దొడ్డిదారిన దొరికిన తలుపులోంచి లోపలికి వెళ్తుంది. ఇల్లు ఎవరిదో అడక్కుండా.

"నాన్నా, ఆ మాట ఎవరిది?" అంది పిడుగు.

"ఏ మాట?"

"నేను ఇక్కడే ఉంటానన్న మాట."

"ఎవరిదేంటే? నాదే!"

పిడుగు అమ్మ వైపు తిరిగింది. "అమ్మా, ఎవరిది?"

పెద్దమ్మ నుదురు కొట్టుకుంది. అమ్మ కళ్ళెర్రజేసి చూసింది, కూర్చున్న కొమ్మ నరుక్కుంటున్నావే పిల్లా అన్నట్టు. పిడుగుకూ భయం వేసింది. ఇప్పుడు గనక నాన్న బిగుసుకుంటే ఏడాది కష్టం మట్టికొట్టుకుపోతుంది, ఆ సంగతి తెలుసు. అయినా చూపు తిప్పుకోలేదు. అమ్మ వేళ్ళు సంచి పట్టీని వదిలేశాయి.

"నాది" అంది అమ్మ.

"నీదేంటి?" అన్నాడు నాన్న.

"పిల్ల ఉండాలన్న మాట నాదండీ. కిందటేడు పంపిన మాటా నాదే."

"పంపొద్దని ఏడ్చావు కదే!"

"పంపమంటే పంపేవారా?"

నాన్న వదినగారి వైపు చూశాడు. ఆమె ఆకురాయి తీసుకుని ఏ తాళంచెవీ లేకుండానే గాలిని రుద్దుతోంది. ఆయన మొహం కందగడ్డలా అయింది. లేచి నిలబడ్డాడు.

"అయితే ఇప్పుడు నేను వద్దంటే?"

"అన్నా ఉంటుంది" అంది అమ్మ. ఫోన్‌లో విన్న గొంతే అది. ఈసారి పెళ్ళాడిన మనిషి ఎదురుగా నిలబడి మాట్లాడుతోంది.

నాన్న సంచి అందుకున్నాడు. "బస్సు టైమైంది. పద."

"మీరు వెళ్ళండి. నేను అక్క దగ్గర నాలుగు రోజులుండి వస్తాను."

ఆయన గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాడు. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. వెళ్తే ఆమె చెప్పినట్టు వెళ్ళినట్టవుతుంది, ఉంటే ఓడిపోయినట్టవుతుంది. ఎడ్డెమంటే తెడ్డెమనడానికి ఆమె ఏమన్నా మిగిల్చిందా అని కాసేపు వెతుక్కున్నాడు పాపం. చివరికి అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి, ఇన్నేళ్ళుగా తనకే తెలియకుండా అడుగుతూ వచ్చిన మాటను పైకే అడిగాడు.

"మరి నేనేం చెయ్యనే?"

అమ్మ చెప్పబోయింది. నోటిదాకా వచ్చింది. కూతురి వైపు ఒకసారి చూసి, ఆ మాట మింగేసింది.

"మీ ఇష్టమండీ" అంది.

పిడుగు అమ్మ చేతుల వైపు చూసింది. అవి కదలకుండా ఉన్నాయి.