భుజమెత్తు బండ

వేమగల్ పాల డెయిరీ పక్కన సోమశేఖర్ పశువుల దాణా అంగడి తెరిచి ఆరు నెలలైంది. దారికి అవతల ముసలి మునిలక్ష్మమ్మ అంగడి ఎప్పటినుంచో ఉంది. రెండింటికీ బూసా, అంటే పశువులకు పెట్టే గోధుమ పొట్టు, వచ్చేది ఒకే మిల్లు నుంచి, ఒకే లారీలో. పైగా సోమశేఖర్ మూటకు పది రూపాయలు తక్కువకే ఇచ్చేవాడు. అయినా పొద్దున పాలు పోసి వచ్చే ఆడవాళ్లు అతని గుమ్మం దాటి అవతలికే పోయేవాళ్లు. ఉగాదిలోగా బేరం పుంజుకోకపోతే అంగడి మూసుకోవాల్సిందే.

పది రూపాయలు వద్దనుకునేంత కలిగినవాళ్లు ఆ దారిన రారు. అంటే అంతకన్నా విలువైనదేదో ముసలమ్మ ఊరికే ఇస్తోంది. అప్పు కాదు, ఆమె ఎవరికీ అప్పివ్వదు. తీపి మాటా కాదు, ఆమె నోరు తెరిస్తే ఆవులు కూడా రెండడుగులు వెనక్కి వేస్తాయి.

ఆగలేక, తెలిసిన నాగరత్నను ఆపి అడిగేశాడు.

"ఏమక్కా, మా కాడ రేటు తక్కువే కదా?"

"తక్కువేప్పా. అయినా ఆ యమ్మ కాడ బూసా బాగుంటాది. మా ఆవు అదే తింటాది."

"రెండూ ఒకే లారీలో వచ్చినేవే కదక్కా. మీ ఆవుకి అంగడి బోర్డు చదవను వస్తాదా?"

"వస్తాదేమో, అడిగి చెప్తాలే," అని నవ్వుకుంటూ పోయింది నాగరత్న.

ఆమె అబద్ధమాడలేదు. కొనేవాళ్లకు తాము ఎందుకు కొంటున్నదీ సగం తెలియదు, తెలిసిన సగం నోటితో చెప్పరు. మరునాడు సోమశేఖర్ గల్లా వదిలి, టీ అంగడి దగ్గర కూర్చుని, వాళ్ల మాటలు వినడం మానేసి వాళ్లు చేసే పని చూశాడు.

మునిలక్ష్మమ్మ అంగడి ముందు భుజమెత్తున ఒక రాతిబండ ఉంది. పెద్ద మూటను విప్పి రెండు చేసి, మళ్లీ కుట్టి, ఆమె దాని మీద పెడుతుంది. నాగరత్న డబ్బిచ్చింది, తల మీద గుడ్డ చుట్టి పెట్టుకుంది, మోకాళ్లు కాస్త వంచి మూటను తల మీదికి లాక్కుంది, నడిచిపోయింది. ఎవరినీ పిలవలేదు.

సోమశేఖర్ అంగట్లో మూటలు నేల మీద ఉంటాయి. "ఒక చెయ్యి వేయప్పా" అని అడగాలి. ఇళ్లలో మగవాళ్లు తెల్లారకముందే కంపెనీ బస్సెక్కి నరసాపురం ఫ్యాక్టరీలకు పోయి ఉంటారు. కాబట్టి చెయ్యి వేసేది తన కూలివాడు కేశవ. వాడు మూట ఎత్తుతూ, "ఏమత్తా, పొద్దున సంగటి తినలేదా?" అంటాడు. టీ తాగేవాళ్లు నవ్వుతారు. ఆ నవ్వు ఖరీదు పది రూపాయలకు పైనే.

ఆ మధ్యాహ్నమే మేస్త్రీని పిలిచాడు. తీరా కొలత తీస్తుంటే లెక్క అడ్డం తిరిగింది. తానూ బండ వేయిస్తే ఆమె ధర తగ్గిస్తుంది. ఆపైన తాను. చివరికి బాగుపడేది ఆవులే. మేస్త్రీని పంపేసి దారి దాటాడు.

"ఈ ఉపాయం యాడ నేర్చినావమ్మా?"

"నేర్చేదానికి ఏముండాది? మా ఆయన పోయినాక ఒకన్ని చెయ్యి వేయమన్నాను. వాడు ఊరంతా ఏదేదో చెప్పుకున్యాడు. ఇంగ ఎవుర్నీ అడగకూడదని బండ వేయించినాను. నువ్వూ కొలత తీయిస్తా ఉంటివే, చూసినాలే."

"మానుకున్నాను. అంగడి మూసేస్తా. నాకు లగేజీ ఆటో ఉండాది. మిల్లు నుంచి తెచ్చి లారీవాని బాడుగ కంటే తక్కువకి దించుతా, నువ్వు అమ్ము. చుట్టూ పల్లెల్లో నీ మాదిరి అంగళ్లు ఇంగా ఉండాయి."

ఆమె అతని ముఖం చూడలేదు, చేతులు చూసింది.

"తూకం తగ్గితే మూట వాపసు. ఆ కేశవ గాడు నా గుమ్మం తొక్కకూడదు. నువ్వే దించల్ల."

"ఇంగేమన్నా ఉండాదా?"

"తలచుకుంటా ఉండాను, ఉండప్పా."

మరుసటి వారం సోమశేఖర్ మొదటి మూటను తానే ఎత్తి, బండ మీద గోడకు చేర్చి పెట్టాడు.

"అట్లా కాదు," అంది మునిలక్ష్మమ్మ. "అంచు దాటి జానెడు బయటికి రావల్ల. లేకుంటే పొట్టి ఆడది యాడ పట్టుకుంటాది?"

ఆరు నెలలు ఎదురుగా కూర్చుని కూడా ఆ జానెడును తాను చూడలేదు. మూటను ముందుకు లాగి, చేత్తో కొలిచాడు.

వెనక నాగరత్న తల మీద గుడ్డ సర్దుకుంటూ నిలబడి ఉంది.

"కొలిచింది చాలు, జరుగప్పా," అంది. "ఆవు కాచుకోనుండాది."