ఆకుపచ్చ పేర్లు

మల్లేశు తండ్రి సముద్రంలో కొట్టుకుపోతున్నప్పుడు, మల్లేశు హెడ్‌సెట్ తగిలించుకుని ఎవరో కస్టమర్‌కి పాస్‌వర్డ్ ఎలా మార్చుకోవాలో చెబుతున్నాడు. నేను పక్క కుర్చీలో ఉన్నాను.

మాది పోర్ట్ బ్లెయిర్ మిడిల్ పాయింట్‌లో ఒక ఐటీ కంపెనీ సపోర్ట్ ఆఫీసు. సముద్రం అడుగున ఇంటర్నెట్ కేబుల్ వేశాక మెయిన్‌లాండ్ వాళ్లు వచ్చి తెరిచారు. లోపలికి వెళ్లే ముందు ఫోన్లు కింద లాకర్లలో పెట్టేయాలి. అందుకే ఆ ఉదయం పెద్దబ్బాయి అనే మల్లేశు మేనమామ, వాళ్ల జాలరి ఊరు వండూర్ నుంచి మోటారుసైకిల్ మీద స్వయంగా రావలసి వచ్చింది. తడిసిన లుంగీ కాళ్లకు అంటుకుపోయి ఉంది. గాలివాన వచ్చిందనీ, మిగతా పడవలన్నీ ఒడ్డుకు చేరాయనీ, తన బావ, అంటే మల్లేశు తండ్రి నూకన్న పడవ ఒక్కటే రాలేదనీ మేనేజరు గణేశ్వరరావుతో చెప్పాడు.

“ఎతకడానికి బోట్లు రెడీగున్నాయి సార్. బావ గేలాలేసే సోటు మల్లేశుకే తెలుసు. నోటితో సెప్తే దొరికే సోటు కాదది. ఆణ్ణి పంపండి.”

గణేశ్వరరావు కసిరిందేమీ లేదు. కుర్చీ చూపించి, మంచినీళ్లు తెప్పించి, మల్లేశు పేరు కొట్టి తెర మీద చూశాడు.

ఆ తెర సంగతి మీకు చెప్పాలి. ఎవరు ఉద్యోగం మానేసేలా ఉన్నారో మా కంపెనీలో కంప్యూటరు ముందే లెక్కగడుతుంది. మీ ఊరేది, పెళ్లయిందా, ఎప్పుడెప్పుడు సెలవడిగారు, పొద్దున్నే “ఈ రోజు మీ మనసెలా ఉంది?” అని అది అడిగితే నవ్వే బొమ్మ నొక్కారా ఏడ్చే బొమ్మ నొక్కారా, అన్నీ దానికి మేతే. వెళ్లిపోయేలా ఉంటే పేరు ఎర్రగా, ఉండిపోయేలా ఉంటే ఆకుపచ్చగా కనిపిస్తుంది. అర్జెంటు సెలవులూ మంచి షిఫ్టులూ ఎర్ర పేర్లవాళ్లకే. వాళ్లను ఆపుకోవాలిగా. దీవుల్లో పుట్టిన మేమందరం ఆకుపచ్చ. ఇక్కడ ఇంకో కంపెనీ లేదు. అమ్మానాన్నలు ఇక్కడే ఉన్నారు. ఎక్కడికి పోతాం?

“ఎమర్జెన్సీ లీవులు అయిపోయాయి. మల్లేశుది గ్రీన్, సిస్టమ్ ఒప్పుకోదు,” అన్నాడు గణేశ్వరరావు. “లంచ్ తర్వాత చూద్దాం. చెప్పకుండా సీటు వదిలి వెళ్తే మాత్రం ఉద్యోగం వదిలేసినట్టే.”

ఇదంతా విన్న మల్లేశు లేచి నిలబడ్డాడు. వాడి చెల్లెలి నర్సింగ్ చదువు వాడి ఉద్యోగం మీదే నడుస్తోంది. తెర మీద కాల్ వెలిగింది. వాడు మామ వైపు చూశాడు, తెర వైపు చూశాడు, కూర్చున్నాడు.

“నమస్తే. బోలియే సర్,” అన్నాడు.

పెద్దబ్బాయి ఒక్కడే మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి నూకన్నను వండూర్ జెట్టీకి తెచ్చారు. మడచెట్ల వేళ్ల మధ్య దొరికాడట. తిరగబడ్డ పడవను పట్టుకుని చాలాసేపు ప్రాణాలతోనే ఉండి ఉంటాడని తెచ్చినవాళ్లు అన్నారు. ఆ మాట షిఫ్టు దిగి వచ్చిన మల్లేశు ఎదురుగానే అన్నారు. వాడు తలూపాడు. వాడి తల్లి తవిటమ్మ కొడుకుని ఒక్క మాట కూడా అనలేదు.

కర్మలయ్యాక వాడు మళ్లీ పనిలోకి వచ్చాడు. మనసెలా ఉందని కంప్యూటరు అడిగింది. వాడు నవ్వే బొమ్మ నొక్కాడు.

“అదేట్రా?” అన్నాను.

“ఏడుపు బొమ్మ నొక్కితే కౌన్సెలింగని కూకోబెడతారు జ్ఞానవతి దీదీ. ఎవుడు మాటాడతాడు?”

వాడి గొంతులో కోపం లేదు, దుఃఖం లేదు. మా అందరికీ అలాగే ఉంది. టీ వస్తే తాగాం. కాల్ వస్తే మాట్లాడాం.

అలాగే ఉండిపోయేవాళ్లమేమో. కానీ ఆ వారాంతంలో గణేశ్వరరావు అందరినీ హాల్లో నిలబెట్టి మీటింగు పెట్టాడు. పోర్ట్ బ్లెయిర్ ఆఫీసులో మానేసేవాళ్లు బాగా తగ్గారట, హెడ్డాఫీసు మెచ్చుకుందట. గోడ మీది పెద్ద తెరపై మా పేర్లన్నీ వెలిగాయి.

“చూడండి,” అన్నాడు సంతోషంగా. “అంత జరిగినా మన మల్లేశు గ్రీన్‌లోనే ఉన్నాడు. కమిట్‌మెంట్ అంటే అదీ.”

ఒకరిద్దరు అలవాటుగా చప్పట్లు కొట్టబోయి ఆగిపోయారు. మల్లేశు గోడ మీద తన పేరు చూస్తూ నిలబడ్డాడు.

ఆదివారం సుందరి వాళ్ల చర్చి ఆరాధన అయ్యాక డాలీగంజ్‌లో సుందరి వాళ్లింటి వసారాలో కూడాం. సుందరి మా హాల్లో అందరికంటే చిన్నది. నోరు మాత్రం పెద్దది.

“అందరం ఒక్కసారే రిజైన్ చేసేద్దాం,” అన్నారెవరో.

“చేసి? ఎవుడి దగ్గరికెళ్తాం? మన తాతలు ఓడ దిగింది మళ్లీ ఎక్కడానికా?” అంది సుందరి. “మనం పోలేమనే కదా ఆళ్ల ధైర్యం.”

“అయితే క్యా కరేంగే?”

గోడకానుకుని కూర్చున్న జోగులు అప్పుడు మాట్లాడాడు. విశాఖపట్నం నుంచి వచ్చినవాడు, ఎర్ర పేరువాడు. “ఆ లాస్ట్ ఎమర్జెన్సీ లీవు నాకిచ్చారు. చుట్టాల పెళ్లికి. నేనడగలేదు కూడా, పిలిచి మరీ ఇచ్చారు.”

“నువ్వెందుకొచ్చావ్ మరి?” మల్లేశు మొదటిసారి నోరు విప్పాడు.

“ఇవాళ నన్ను ఆపుకుంటన్నారు. రేపు పెళ్లి చేసుకుని ఇక్కడ ఇల్లు తీసుకుంటే నేనూ గ్రీనే కదా భయ్యా.”

చాలాసేపు వాదించుకున్నాం. పోలీసులంటే భయపడేవాళ్లు భయం చెప్పుకున్నారు. చివరికి సుందరి అంది, “మనం పోం అని లెక్కేసుకున్నారు. సరే, పోం. పని కూడా చెయ్యం. కూకుంటాం.”

సోమవారం పొద్దున్న కంప్యూటరు మనసెలా ఉందని అడిగింది. ఎవరూ ఏ బొమ్మా నొక్కలేదు. హెడ్‌సెట్లు తీసి బల్లల మీద పెట్టి చేతులు కట్టుకున్నాం. బొమ్మ నొక్కకపోతే కాల్స్ తెరుచుకోవు.

గణేశ్వరరావు బతిమాలాడు, తరవాత అరిచాడు. “ఏం కావాలి మీకు?”

సుందరి లేచింది. “రంగులు తీసెయ్యండి. ఇంట్లో చావొచ్చినా బతుకొచ్చినా ఎవురి పేరు ఏ రంగని చూడకుండా పంపండి. ఫోన్లు మా దగ్గరుండాల. మల్లేశు ఇంటికొచ్చి ఆళ్లమ్మకి జవాబు చెప్పండి.”

“పని చెయ్యనివాళ్లు బయటికి వెళ్లిపోండి!”

“మేం ఎల్లం సార్. ఆ సంగతి మీకే బాగా తెలుసు.”

పోలీసులు వచ్చారు. “చలో, ఉఠో,” అని భుజాలు పట్టి లేపారు. సుందరినీ, మల్లేశునూ, జోగులునూ జీపులో ఎక్కించారు. మల్లేశు చొక్కా చిరిగింది. వాడి కళ్లలో నీళ్లు వచ్చాయి. తండ్రి పోయాక వాడు ఏడవడం అదే మొదలు.

మమ్మల్ని మెట్ల మీదికి నెట్టారు. కింద తవిటమ్మ, పెద్దబ్బాయి, చేపల గంపలు పక్కన పెట్టుకున్న వండూర్ ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. కబురు ఎవరు చేరవేశారో తెలియదు.

మధ్యాహ్నం షిఫ్టు వాళ్లు వచ్చారు. గణేశ్వరరావు గుమ్మం దాకా ఎదురొచ్చి పేరుపేరునా పిలిచి లోపలికి తీసుకెళ్లాడు. మా పక్కనుంచే తలొంచుకుని పైకి వెళ్లారు. మాలో ఒకళ్లు కూడా వాళ్లను ఆపలేదు. ఆపే ఓపిక లేదు.

మామూలుగా అయితే ఆ వేళకు మెట్ల దాకా మాటల రొద వినిపించాలి. వినిపించలేదు. కాసేపు చూశాం. గణేశ్వరరావు అరుపు ఒక్కటే వినిపించింది. దానికి ఎవరూ బదులు చెప్పలేదు.

“ఏటే జ్ఞానవతీ, ఆళ్లూ పని సెయ్యట్లేదా?” అంది తవిటమ్మ.

“లేదత్తా. ఆళ్లూ కూకున్నారు.”

తవిటమ్మ కొంగు నడుముకు బిగించి లేచింది.

“అయితే ఇక్కడ ఆళ్లున్నారు. మనం ఠాణాకి పదండి.”

గంపలు అక్కడే వదిలేసి ఆడవాళ్లు లేచారు. వాళ్ల వెనక మేమందరం మిడిల్ పాయింట్ రోడ్డు మీదికి నడిచాం.