దీపం పెద్దజెయ్యమన్న మాట

గుడ్లు పొదగబెట్టిన పద్నాలుగో రోజున పెట్టెలోని బిళ్ళ పగిలింది.

అది కిరసనాయిలు దీపం వేడితో గుడ్లు పొదిగే చెక్కపెట్టె. లోపల వేడి పెరిగితే ఇత్తడి బిళ్ళ ఉబ్బి, ఒక కడ్డీని నెట్టి, దీపపు గొట్టం మీది మూతను లేపుతుంది. వేడి బయటికి పోగానే బిళ్ళ ముడుచుకుంటుంది, మూత పడిపోతుంది. ఎంత వేడికి మూత లేవాలో కడ్డీ మీది స్క్రూ తిప్పి సరిచేస్తారు. గుడ్లు నావి కావు, మడికొండ సమ్మమ్మవి. ఆ యేడు, ఎనభై మూడులో, కొక్కెర తెగులుకు ఆమె కోళ్లన్నీ పోయి ఈ ముప్పైరెండు గుడ్లే మిగిలాయి.

"ఇగ నీ పెట్టెనే వీటికి తల్లి, సారంగపాణన్నా," అని గంప నా చేతిలో పెట్టింది.

స్టవ్వులు బాగుచేసే నయీముద్దీన్ వచ్చి కొత్త బిళ్ళ బిగించాడు. కడ్డీ చివరి బరువును ముందుకూ వెనక్కూ జరుపుతూ, థర్మామీటరు నూట రెండు దగ్గర నిలిచేదాకా కదలలేదు.

"స్క్రూ జర తిప్పినా గంటసేపు ఆగి చూడాలె అన్నా. మీ చెయ్యి ఊకుండదు, నాకెరుకే. జేబుల పెట్టుకోండి."

"ఈ బనీనుకు జేబేది?"

"గట్లయితే జపమాల తిప్పండి. స్క్రూ మాత్రం తిప్పకండి."

నేను రెండూ తిప్పాను. పొద్దున స్వామికి దండం పెట్టి, భారం నీదే అని చెప్పి, నేరుగా పెట్టె దగ్గరికే పోయేవాణ్ణి. భారం ఆయన మీద వేశాక ఈ చేతికి ఇంకా పనేమిటి? పుష్యమాసపు చలి ఒక సాకు, అంతే.

పద్దెనిమిదో రోజు ములుగులో మేనమామ దినానికి పోక తప్పలేదు. బయలుదేరేముందు చూస్తే నూట మూడు. అర చుట్టు తిప్పాను. గంట ఆగడానికి బస్సు ఆగదు. థర్మామీటరుకు నూరు దగ్గర ఎర్రదారం కట్టి, మా అమ్మ భద్రమ్మకు అప్పజెప్పాను.

"పాదరసం దారం కిందికి దిగితే దీపం పెద్దజెయ్యమ్మా."

"సరే పో."

ములుగులో విస్తరి ముందు కూర్చున్నానే గాని ధ్యాసంతా పెట్టె మీదే. లోపల ఆ బిళ్ళ ఉబ్బిందో, ముడుచుకుందో. భోజనాలు అయ్యీ కాకముందే లేచి బస్సెక్కాను.

మూడు గంటలకు ఇల్లు చేరేసరికి గొట్టం చల్లగా ఉంది. థర్మామీటరు ఎనభై ఒకటి.

"నువ్వన్నట్టే చేసిన కొడుకా," అంది అమ్మ. "పదింటికి దారం కిందికి దిగింది. దీపం పెద్దజేసిన. నోటితోని ఊదలే, పువ్వుతోనే చేసిన."

మా ఇంట్లో దీపాన్ని ఆర్పమని ఎవరూ అనరు, అశుభమని. పెద్దజెయ్యమనే అంటారు. చిన్నప్పటి నుంచీ నేనూ అదే అర్థంతో అంటూ వచ్చాను. ఆ రోజు మాత్రం వత్తి పెంచమని నా ఉద్దేశం. వేడి దిగేలా స్క్రూ తిప్పింది నేను, మాట అన్నదీ నేనే.

దీపం వెలిగించాను. మరునాడు సైకిల్ మీద మడికొండ పోయి సమ్మమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను.

"అయిదు గంటలా?"

"అయిదు గంటలే చెల్లె."

"నడువు."

మా ఇంటికి రాగానే గోరువెచ్చని నీళ్లు తాంబాళంలో పోయించి, ఒక్కొక్క గుడ్డు అందులో వదిలింది. పిల్ల బతికుంటే గుడ్డు నీళ్లల్ల కదులుతుందట. మొదటిది కదలలేదు. రెండోదీ అంతే. నేను తాంబాళం అంచు పట్టుకున్నాను.

"చెయ్యి తియ్యన్నా. నువ్వు కదిలిస్తె గుడ్డు కదిలిందనుకుంటం."

తీశాను. మూడో గుడ్డు ఒక పక్కకు ఒరిగింది, ఆగింది, మళ్లీ ఒరిగింది. అమ్మ కళ్లు తుడుచుకుంది.

పంతొమ్మిది కదిలాయి. పదమూడు కదలలేదు.

సమ్మమ్మ తడి తుడిచి పంతొమ్మిదీ పెట్టెలో సర్దింది. మిగిలినవి కొంగులో కట్టుకుంది. నన్ను తిడితే బాగుండేది.

"పెద్దమ్మా, ఈ రెండు రోజులు నువ్వే చూసుకో. నేను గూడ ఈడనే ఉంట. అన్నా, నువ్వు బయట కూసో."

"స్క్రూ గురించి..."

"బయట."

అరుగు మీద కూర్చున్నాను. లోపల మూత చప్పుడైంది. లేచి తలుపు దాకా పోయాను.

"చాయ్ గిన్నె మూత అన్నా," అంది సమ్మమ్మ లోపలి నుంచే. "కూసో."