మూసిన చేతులతో ఎమ్మిగనూరుకు

నా దగ్గర ఇరవై ఒక్క కారణాలు ఉండేవి. క్రీస్తును ఎందుకు నమ్మాలని ఎవరైనా అడిగితే చాలు, నల్ల అట్ట నోటుబుక్కు తెరిచి వరసపెట్టి చదివేవాణ్ణి. ప్రవక్తలు ముందే చెప్పడం ఒకటో కారణం. ఖాళీ సమాధి మూడోది. భయపడి పారిపోయిన శిష్యులు ప్రాణాలకు తెగించి తిరిగి రావడం నాలుగోది. ఆదోని మిషను బడిలో పదకొండేళ్ళుగా అయ్యవారిని కదా, నాతో వాదించి గెలిచినవాడు లేడని కొంచెం పొగరు కూడా ఉండేది. అయితే నా వాదన విని నమ్మినవాడు కూడా ఒక్కడూ లేడు. ఆ ముక్క మా ఆవిడ శాంతకుమారి అప్పుడప్పుడు గుర్తు చేసేది, సరిగ్గా నేను అన్నం ముందు కూర్చున్నప్పుడు.

కర్నూలు ఇంకా రాజధానిగా ఉన్న రోజులవి. ఆదోని స్టేషనులో కురియన్ అనే మలయాళీ పార్సిలు గుమస్తాగా ఉండేవాడు. వాళ్ళది ఆర్థడాక్సు సభ. ఏసు శిష్యుడైన తోమా స్వయంగా తమ తీరానికి వచ్చి నాటిపోయిన సభ అని చెప్పుకుంటారు. మా సభలో మేం బెంచీల మీద కూర్చుని ప్రసంగం వింటాం. వాళ్ళు తూర్పుకు తిరిగి నిలబడతారు, నేలకు నుదురు ఆనిస్తారు, సాంబ్రాణి పొగ వేస్తారు, 'కురియేలాయిసోన్' అని నలభై ఒక్కసార్లు అంటారు. అంటే ప్రభువా కరుణించు అని అర్థం. ఒక్కసారి చెబితే దేవుడికి వినపడదా అని కురియన్‌ను ఆటపట్టించేవాణ్ణి. ఆయనకు ఒక్కసారి చాలు మాస్టరుగారూ, చాలనిది నాకే అనేవాడు. వాళ్ళ పాదిరిని అచ్చన్ అంటారు. ఆయన ఏడాదికొకసారి, పునరుత్థాన పండుగ అయిన మరుసటి ఆదివారం వచ్చి, కురియన్ ఇంటి వసారాలో ఆరాధన జరిపి, ఆ సాయంత్రమే మెయిలు బండెక్కి వెళ్ళిపోయేవాడు.

కురియన్ ఇంట్లో అంట్లు తోమడానికి మద్దమ్మ వచ్చేది. పగలు జిన్నింగు మిల్లులో పత్తి ఏరి, సాయంత్రం ఈ పనికి వచ్చేది. రెండేళ్ళు వాకిట్లో గిన్నెలు తోముతూ వాళ్ళ ప్రార్థన విన్నది. ఒక రోజు బూడిద చేతులు కడుక్కుని తనూ తూర్పుకు తిరిగి నిలబడింది. తర్వాత కొన్నాళ్ళకు బాప్తిస్మం కావాలని అడిగింది. మొగుడు పుల్లన్న, నీ మనసుకు తోచినట్టు చేసుకో అన్నాడట. అచ్చన్ మాత్రం ఉత్తరం రాశాడు. ఎందుకు నమ్ముతోందో ఆమె తన నోటితో చెప్పాలి, ఆమె తెలుగును నాకు ఇంగ్లీషులో చెప్పే మనిషి కావాలి, చెప్పలేకపోతే వచ్చే ఏడాది చూద్దాం అని.

కురియన్ నన్ను అడిగాడు. వేరే సభ పని నాకెందుకని మొదట బిగుసుకున్నాను. కానీ నా నోటుబుక్కు ఇన్నాళ్ళకు ఒక మనిషిని గట్టెక్కిస్తుందన్న ఆశ నన్ను నిలవనివ్వలేదు.

మూడు వారాలు మద్దమ్మకు కారణాలు నూరిపోశాను. ఒకటోది చెప్పమంటే తొమ్మిదోది చెప్పేది. తొమ్మిదోది అడిగితే నవ్వేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. బెత్తం లేదు కాబట్టి బతికిపోయింది. మూడో కారణం దగ్గర మాత్రం ఆమె కదలకుండా కూర్చుని విన్నది. సమాధి ఖాళీగా ఉందని మొదట చూసింది ఆడవాళ్ళేనని, వాళ్ళు పరుగెత్తిపోయి చెప్పారని నేను చెప్పినప్పుడు ఒక్క ప్రశ్న వేసింది.

"వాళ్లు ఆన్నే నిలబడిపోయింటే ఏమయ్యుండు అయ్యవారా?"

ఏమవుతుంది, మనదాకా వచ్చేది కాదు అని విసుక్కుని నాలుగో కారణంలోకి వెళ్ళిపోయాను.

ఆ ఆదివారం పొద్దున వసారాలో తెల్లగుడ్డ పరిచిన బల్ల, కొవ్వొత్తులు, పదిహేను మంది మలయాళీలు. ఆడవాళ్ళ వరసకు చివర గోడ పక్కన మద్దమ్మ, ఉతికిన చీర తలమీదుగా కప్పుకుని నిలబడింది. నేను గోడ వారగా కుర్చీ వేయించుకుని, మా సభ మనిషినన్న సంగతి అందరికీ తెలిసేలా కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాను. ఆరాధన అయ్యాక మద్దమ్మ కారణాలు చెబుతుంది, నేను తర్జుమా చేస్తాను, బాప్తిస్మం జరుగుతుంది. అదీ ఏర్పాటు.

వాళ్ళ ఆరాధన మధ్యలో శాంతి ఇచ్చుకోవడం ఒకటుంది. అచ్చన్ బల్ల దగ్గర నుంచి తిరిగి, కురియన్ జోడించిన చేతులను తన రెండు అరచేతుల మధ్యకు తీసుకుని మెల్లగా వదిలాడు. కురియన్ పక్కవాడికి అలాగే ఇచ్చాడు. అతను ఇంకొకరికి. అలా అది చేతులు మారుతూ ఆడవాళ్ళ వరసలోకి వచ్చి, కురియన్ భార్య ఏలియమ్మ నుంచి మద్దమ్మకు అందింది. నీ దగ్గర ఉంచుకోకూడదు, నీ తర్వాతి మనిషికి ఇచ్చెయ్యాలి అని ఏలియమ్మ ఆమెకు ముందే నేర్పి ఉంది.

మద్దమ్మ తర్వాత ఉన్నది నేనే. నా వైపు తిరిగి చేతులు చాపింది. నా చేతుల్లో నోటుబుక్కు ఉంది. ఇది నాది కాదన్నట్టు తల అడ్డంగా ఊపాను. ఆమె గోడను చూసింది, మళ్ళీ నన్ను చూసింది. చేతులు గట్టిగా మూసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. నీళ్ళు తాగడానికి వెళ్ళిందనుకున్నాను.

ఆరాధన ముగిసినా రాలేదు. బాప్తిస్మానికి వేడినీళ్ళూ చన్నీళ్ళూ కలపడానికి పెట్టిన ఇత్తడి గంగాళం అలాగే ఉంది. బయట జట్కావాడు చెప్పాడు, రెండు చేతులూ మూసుకుని ఒకామె ఎమ్మిగనూరు బస్సెక్కిందని. ఎమ్మిగనూరులో ఆమె అక్క హుసేనమ్మ ఉందని ఏలియమ్మకు తెలుసు. మూడేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవని కూడా తెలుసు. తల్లి చనిపోతే పూడ్చిపెట్టాక కబురు పంపిందని మద్దమ్మకు అక్క మీద కోపం.

నాకు ఒళ్ళు మండింది. మూడు వారాల కష్టం, అచ్చన్ ముందు నా పరువు రెండూ ఆ బస్సెక్కి పోయాయి. మెయిలు అయిదున్నరకు. తర్వాతి బస్సు పట్టుకున్నాను. పద్దెనిమిది మైళ్ళూ ఆమెను ఏమని తిట్టాలో మాటలు పేర్చుకున్నాను.

హుసేనమ్మ ఒక నేతగాళ్ళ ఇంటి అరుగు మీద కండెలు చుట్టే పని చేస్తుందని అడిగితే చెప్పారు. నేను వెళ్ళేసరికి రాట్నం ఆగి ఉంది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే గిన్నెలో జొన్నరొట్టె తుంచుకుని తింటున్నారు. ఏడ్చిన ముఖాలు, దాని మీద నవ్వు. చుట్టూ నూలు చిక్కుపడి ఉంది, ఎవరికీ పట్టలేదు.

జరిగింది హుసేనమ్మే చెప్పింది. చెల్లెలు మూసిన చేతులతో ఎండలో వచ్చి నిలబడిందట. బస్సులో కడ్డీ పట్టుకోకుండా, ఎవరో గూడూరు పోయే ముసలామె చేత కొంగుముడి విప్పించి టిక్కెట్టు కొన్నదట. దారిలో నీళ్ళిచ్చినా చేతులు తెరవలేదట. ఏముందే ఆ చేతుల్లో అని తనే ముందు నోరు తెరవాల్సి వచ్చిందట, మూడేళ్ళ తర్వాత. అప్పుడు ఆ చేతులు తన చేతుల మధ్యకు వచ్చాయి. ఆ తర్వాతే చెల్లెలికి తెలిసింది, తల్లి పోయిన పొద్దున్నే తాను కబురు పంపిందని, మోసుకెళ్ళిన బండివాడు ఎద్దు కుంటుపడితే సగం దారిలో ఆగిపోయాడని. ఇన్నాళ్ళూ ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

తిట్లన్నీ నోటి దాకా వచ్చి ఆగిపోయాయి. పరీక్ష వదిలేసి ఎందుకు వచ్చావని మాత్రం అడిగాను.

మద్దమ్మ రొట్టె పక్కన పెట్టింది. "ఏసయ్య సేతిలోంచి ఆ తోమాకు, తోమా కాడినుంచి ఇంకొకరికి, అట్ల అందరి సేతులూ దాటుకోని నా దాకా వచ్చిందని ఏలియమ్మక్క సెప్పింది. పత్తి ఏరే దాని దాకా వచ్చింది అయ్యవారా. నాకాడ గోడ ఉండాదని ఆగిపోతే ఎట్ల? గోడకు ఆ పక్క ఎవురుండారా అని ఆలోచన చేస్తే మా యక్క కనపడింది."

గోడ అన్నదే గాని నా పేరు ఎత్తలేదు. అది ఆమె మంచితనం. నాకు సిగ్గేసింది. ఇరవై ఒక్క కారణాల్లో ఒక్కటి కూడా నన్ను ఎండలో ఎవరింటికీ నడిపించలేదు.

ఇంతలో హుసేనమ్మకు సందేహం వచ్చింది. "మే మద్దీ, ఇప్పుడు నాకాడ ఉండాది కదా. నేనెవురికి ఇయ్యాల?"

మద్దమ్మ నా వైపు చూసింది. ఈసారి నోటుబుక్కు అరుగు మీద పెట్టేశాను. చేతులు జోడించాను. నూలు చుట్టి చుట్టి గరుకెక్కిన రెండు అరచేతులు నా చేతులను పట్టుకుని వదిలాయి. నేను ఏడ్చాను. చెప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

మూడున్నరకల్లా ముగ్గురం ఆదోనిలో దిగాం. తిరుగు బస్సులో నేనూ చేతులు మూసుకునే ఉన్నాను, కడ్డీ పట్టుకోలేదు. హుసేనమ్మ నా జబ్బ పట్టుకుని నిలబెడుతుంటే కండక్టరు మమ్మల్ని వింతగా చూశాడు. వసారాలో అచ్చన్ అప్పటికే పెట్టె సర్దుకుని కూర్చున్నాడు. ఆ తెల్లగడ్డంలో కోపముందో లేదో తెలియలేదు. ఆమె చెప్పే కారణం ఏమిటని ఇంగ్లీషులో అడిగాడు.

నాకు ఇంగ్లీషు బాగా వచ్చు. ఆ ఇంగ్లీషును పక్కన పెట్టాను. దగ్గరికి వెళ్ళి, ఆయన చేతులను నా చేతుల మధ్యకు తీసుకుని మెల్లగా వదిలాను. ఆయన నన్ను చూశాడు, నా వెనక నిలబడ్డ అక్కాచెల్లెళ్ళను చూశాడు. పొద్దున నేను పంపిందేనా అని అడిగాడు. అవును, ఎమ్మిగనూరు దాకా పోయి వచ్చింది అన్నాను. ఆయన గడ్డం కదిలేలా నవ్వి, పెట్టె విప్పి ఆరాధన అంగీ బయటికి తీశాడు. నీళ్ళు వేడి చేయమని ఏలియమ్మకు కేక వేశాడు.

గంగాళంలో నీళ్ళు మద్దమ్మ తలమీద మూడుసార్లు పడ్డాయి. తడి జుట్టుతో ఆమె నవ్వింది, హుసేనమ్మ తన కొంగుతో తుడిచింది. మెయిలు ఆ రోజు ఇరవై నిమిషాలు ఆలస్యం కావడంతో అచ్చన్‌కు బండి అందింది. కురియన్ సంతోషం అంతా ఇంతా కాదు.

ఇంటికి వచ్చాక శాంతకుమారి అన్నం పెడుతూ, నల్లబుక్కు ఏదని అడిగింది. ఎమ్మిగనూరు అరుగు మీద మరిచిపోయానని అప్పుడు గుర్తొచ్చింది. తెచ్చుకోవడానికి మళ్ళీ వెళ్ళలేదు.