మూడేళ్ళు కాపాడిన తోడు

ఆ భవనంలో ఆవిడ అసలు పేరు ఎవరికీ అవసరం పడలేదు. మూడో అంతస్తులో ఎడమచేతి వైపు తలుపు తడితే గడ్డపెరుగు దొరుకుతుందని తెలిస్తే చాలు. అందుకే చిన్నా పెద్దా అందరికీ ఆవిడ పెరుగక్క అయిపోయింది. ఆసుపత్రి బట్టల గదిలో పని ఆవిడది. చిరిగిన దుప్పట్లకి మాసికలు వేయడం, రోగుల గౌన్లకి తెగిపోయిన నాడాలు కుట్టడం. అక్కడ ఆవిడ పొద్దస్తమానం మిషను ముందు తల వంచుకునే మనిషి. ఇంటికొస్తే మాత్రం ఆవిడ దగ్గరున్నది ఇంకెవరి దగ్గరా లేదు.

పధ్నాలుగేళ్ళ కిందట దేశం దాటేటప్పుడు వాళ్ళమ్మ పాత పంచె ముక్కొకటి ఉతికి, గట్టి పెరుగులో ముంచి నీడన ఆరేసింది. ఆరాక మళ్ళీ ముంచింది. అలా మూడుసార్లు చేసి, చీరల మడతల్లో పెట్టి ఇచ్చింది.

"అక్కడి పాలు గోరువెచ్చగా చేసి ఇది నానెయ్యి. మొదటి రోజు నీళ్ళలా ఉంటుంది, పారబొయ్యకు. రెండో రోజు వాసన తగులుతుంది. మూడో రోజుకి నేనొచ్చి నీ వంటింట్లో కూర్చున్నట్టే అనుకో" అంది.

అన్నట్టే అయింది. అక్కడ షాపుల్లో దొరికే డబ్బా పెరుగు చెంచాకి బంకలా సాగేది, నోట్లో సుద్ద ముద్దలా ఉండేది. ఈవిడ పెరుగు గిన్నె వంచినా కదిలేది కాదు. పై అంతస్తు ఎలక్ట్రీషియన్ తమ్ముళ్ళు నలుగురూ పని నుంచి వస్తూనే గిన్నె పట్టుకుని దిగేవారు. "ఇది లేకపోతే ఎప్పుడో టికెట్ కొనుక్కుని వెళ్ళిపోయేవాళ్ళం అక్కా" అనేవారు. ఆ మాటకి పెరుగక్క లోలోపల పొంగిపోయేది. రోజూ ఓ చెంచాడు తీసి దాచి, మర్నాటికి తోడు పెట్టేది. జ్వరం వచ్చినా మానలేదు.

అంతా బాగానే ఉండేది, కింద వాటాలోకి డ్రైవరు భార్య దిగేవరకు.

ఆ పిల్లది మామూలు వంట కాదు. ఆమె చారు కాస్తే మెట్లెక్కేవాళ్ళు చెప్పు సరిచేసుకుంటున్నట్టు నటించి ఆమె గుమ్మం దగ్గర కాసేపు ఆగేవారు. నోరు కూడా అంత చురుకు. ఓ ఆదివారం అందరూ తలా ఒకటి వండుకొచ్చి కింద హాల్లో కూర్చుని తింటున్నారు. పెరుగక్క సొరకాయ పులుసు తెచ్చింది. డ్రైవరు భార్య గరిటె ముంచి పైకెత్తి, "అక్కా, వీటికి ఈత నేర్పుతున్నావా? ఒక ముక్కకీ ఇంకో ముక్కకీ ఇంత దూరమేంటి?" అంది.

హాలంతా నవ్వింది. పెరుగక్క మొగుడు వెల్డరు, పాపం మంచివాడే, అందరూ ఆపాక కూడా ఇంకో క్షణం నవ్వాడు. పెరుగక్క గుండెలో గుచ్చుకున్నది ఆ క్షణమే.

నాలుగు రోజులు తిరక్కుండా డ్రైవరు భార్య గిన్నె పట్టుకుని పైకి వచ్చింది.

"అక్కా, కాస్త తోడు వేస్తావా? ఈ డబ్బా పెరుగు తినలేక చస్తున్నా."

"కూర్చో, తెస్తా" అని పెరుగక్క వంటింట్లోకి వెళ్ళింది. ఫ్రిజ్ తలుపు తీసింది. కింది అరలో అమ్మ పెరుగు ఉంది. పై అరలో, మజ్జిగ పులుసు కోసమని మొగుడు తెచ్చిన డబ్బా ఉంది. ఆవిడ చూపు అటూ ఇటూ తిరిగింది. ఆ పిల్ల చెయ్యి దీని మీద పడితే నా పెరుగుని కూడా మించిపోతుంది, ఇక ఈ మెట్లెక్కి నా దగ్గరికి ఎవరొస్తారు, అనుకుంది. పై అరలోంచి ఓ చెంచాడు తీసి గిన్నెలో వేసి, పైన మూత పెట్టి ఇచ్చింది.

వారం తిరిగేసరికి వస్తుందిలే, సరిగ్గా తోడుకోలేదని మొత్తుకుంటుంది, అప్పుడు నవ్వేసి అసలుది ఇచ్చేద్దాం, ఈతకి ఈత చెల్లు, అనుకుంది. కానీ ఆ పిల్ల రాలేదు. నెల గడిచింది. ఎదురుపడితే నవ్వేది, పులిహోర చేస్తే పంపించేది. తోడు ఊసెత్తేది కాదు. తనంతట తాను ఎత్తడానికి పెరుగక్కకి నోరు రాలేదు. అలా మూడేళ్ళయింది.

అప్పుడు కబురొచ్చింది, అమ్మ పోయిందని.

పెరుగక్క కట్టుబట్టలతో బయలుదేరింది. వెళ్తూ వెళ్తూ మొగుడికి చెప్పింది: "రోజూ పాలు కాచి, వేలు ముంచితే కాలకుండా ఉండేంత వేడిలో ఒక్క చెంచాడు వెయ్యండి. అంతే. మీకు దణ్ణం పెడతా, మర్చిపోకండి."

"నాకు చెప్పాలా? ఇనుమునే అతికిస్తాను, పాలు గడ్డ కట్టించలేనా?" అన్నాడాయన, ఆవిణ్ణి నవ్వించాలని.

కర్మలన్నీ అయ్యాక పెరుగక్క అమ్మ వంటింట్లోకి వెళ్ళింది. అటకమీద వాడని కుండ ఒకటి బోర్లించి ఉంది.

"పెరుగేది వదినా?" అని అన్న భార్యని అడిగింది.

"ప్యాకెట్టే తెప్పిస్తున్నాం వదినా. అత్తయ్య మంచం పట్టి రెండేళ్ళయిందిగా, తోడు ఎవరు పెడతారు?"

పెరుగక్క గడప మీద కూర్చుంది. అయినా ధైర్యం చెప్పుకుంది. ఇక్కడ లేకపోతేనేం, నా ఫ్రిజ్‌లో ఉంది. విమానంలో ఉన్నంతసేపూ అదే తలుచుకుంది. అమ్మ కాలిపోయింది, అమ్మ చీరలు పంచేశారు, కానీ అమ్మ పెరుగు కింది అరలో స్టీలు గిన్నెలో ఉంది. వెళ్ళగానే ఓ ముద్ద కలుపుకుని తింటాను, అప్పుడు ఏడుస్తాను, అనుకుంది.

ఇంట్లో అడుగు పెట్టేసరికి వంటిల్లు అద్దంలా మెరుస్తోంది. గిన్నెలన్నీ తోమి బోర్లించి ఉన్నాయి. ఫ్రిజ్ తుడిచి, నిమ్మచెక్క కూడా పెట్టి ఉంది.

"నువ్వు అలిసిపోయి వస్తావని రెండు రోజుల నుంచి ఇదే పని" అన్నాడు మొగుడు గర్వంగా.

"కింది అరలో గిన్నె?"

"అదా... వారం రోజులు బాగానే పెట్టాను. తర్వాత ఓవర్‌టైం పడింది. తెరిచి చూస్తే పులిసి కంపు కొడుతోంది, పైన పచ్చగా ఏదో పట్టింది. సోపు పెట్టి శుభ్రంగా..."

ఆవిడ ముఖం చూసి ఆయన మాట ఆపేశాడు. తిట్టడానికి కూడా ఆవిడకి ఓపిక లేకపోయింది. రెండు రోజులు ఒంటరిగా కష్టపడి తోమాడు. ఏమని తిడుతుంది?

పంచె ముక్క ఎప్పుడో పొయ్యి తుడిచే గుడ్డ అయి, చివికి చెత్తలోకి పోయింది. ఎలక్ట్రీషియన్ తమ్ముళ్ళని అడిగింది. "ఏ రోజు గిన్నె ఆ రోజే నాకి కడిగినంత పని చేస్తాం కదక్కా" అన్నారు వాళ్ళు బిక్కమొహాలు వేసుకుని. ఒకప్పుడు తన దగ్గర తోడు పట్టుకెళ్ళి, వేరే ఊరు మారిపోయిన నర్సుకి ఫోన్ చేసింది. "బాబుకి పాలు పడట్లేదని మానేసి ఏడాదైంది అక్కా" అంది ఆ అమ్మాయి. తోడు పట్టుకెళ్ళిన మిగతావాళ్ళు ఒప్పందాలు అయిపోయి ఎవరి ఊళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. వాళ్ళ నంబర్లు కూడా లేవు.

మర్నాడు సాయంత్రం తలుపు చప్పుడైంది. డ్రైవరు భార్య. చేతిలో గిన్నె, దాని మీద పళ్ళెం.

"తోడు కోసం భవనమంతా తిరిగావంట. నన్ను ఒక్కదాన్నే వదిలేశావేం? నేను అంత పరాయిదాన్నా?"

పెరుగక్క తలుపు వదిలి పక్కకి జరిగింది. ఆ పిల్ల లోపలికి వచ్చి, బల్ల మీద గిన్నె పెట్టి, పళ్ళెం తీసింది.

"ఇదిగో, మీ అమ్మది. నువ్విచ్చిందే. మూడేళ్ళ నుంచి ఒక్క పూట తప్పితే ఒట్టు. చలికాలం తోడుకోకపోతే మా ఆయన స్వెట్టర్ చుట్టిపెట్టా, ఆయన చలికి వణికాడనుకో. మొన్న ఊరెళ్ళినప్పుడు ఎదురింటావిడకి అప్పజెప్పి, రోజూ ఫోన్లో అడిగేదాన్ని. 'పిల్లల్ని కూడా ఇంతలా అడగరు తల్లీ' అని విసుక్కుందావిడ."

పెరుగక్క గిన్నెలోకి చూసింది. చూస్తేనే తెలిసిపోతోంది.

"నీ దగ్గర తిన్నట్టు నాకెప్పుడూ కుదర్లేదక్కా" అంది ఆ పిల్ల, గొంతు తగ్గించి. "పాలు మార్చి చూశా, గిన్నె మార్చి చూశా. అన్నీ వచ్చిన దాన్ని, ఇదొక్కటి రాదేంటని సిగ్గేసి నిన్నడగలేకపోయా. నా చెయ్యి మంచిది కాదేమోననుకున్నా. నీ చేతిలో పడితే మళ్ళీ బాగుపడుతుందిలే."

"నీ చేతిది కాదు తప్పు" అంది పెరుగక్క. ఆ మాట దానంతటదే బయటికి వచ్చింది. వచ్చింది కదా అని మిగతాది కూడా లాగింది. "అది... అది మా అమ్మది కాదే."

డ్రైవరు భార్య ఆవిడ వంక చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దగ్గరికొచ్చి భుజం చుట్టూ చెయ్యి వేసింది.

"అలా అనకక్కా. అమ్మ పోయిన బాధలో అన్నీ పరాయిగానే కనిపిస్తాయి. మా నాన్న పోయినప్పుడు నాకూ అంతే. నాలుగు రోజులు పోనీ, నీకే తెలుస్తుంది."

పెరుగక్క ఆ భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఆ పిల్ల వీపు నిమురుతూ ఊరుకోబెట్టింది. రెండోసారి చెప్పే ధైర్యం ఆవిడకి రాలేదు.

ఆ పూట పాలు కాచింది. వేలు ముంచి చూసి, చెంచాడు వేసి, మూత పెట్టింది. పొద్దున్నే తీస్తే పెరుగు చెంచాకి బంకలా సాగింది. అన్నంలో కలుపుకుంది. మొగుడు ఎదురుగా కూర్చుని ఆవిడ ముఖమే చూస్తున్నాడు, తను చేసిన తప్పు సర్దుకుంటుందేమోనని.

"వచ్చిందా, అమ్మ రుచి?"

"వచ్చింది" అంది.

డ్యూటీకి వెళ్తూ కిందికి దిగుతుంటే డ్రైవరు భార్య గుమ్మంలో ఎవరితోనో మాట్లాడుతోంది. కొత్తగా వచ్చిన అమ్మాయి, చేతిలో గిన్నె. "జాగ్రత్త, ఇది మామూలుది కాదు. మా అక్క వాళ్ళమ్మది, దేశం దాటి గుడ్డ మీద వచ్చింది" అని చెబుతూ, చెంచాడు తోడు ఆ గిన్నెలో వేస్తోంది.

పెరుగక్కని చూసి ఇద్దరూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వి, చెప్పు సరిచేసుకుంటున్నట్టు అక్కడ కాసేపు ఆగింది. ఏదైనా చెప్పాలంటే అదే సమయం. బస్సుకి వేళైందని మిగతా మెట్లు దిగిపోయింది.