నోరు విప్పని కార్డు

కొత్తకోటలో పల్లికాయ కొనే అబ్దుల్ ఖాదర్ ఏ బస్తానూ పైపైన చూసి కొనేవాడు కాదు. చెయ్యి అడుగుదాకా దించి గుప్పెడు తీసి, కాయ చిట్లించి, గింజ కొరికితేగాని ధర పలికేవాడు కాదు. అంతటి మనిషీ కంప్యూటర్ సామాను దగ్గర మాత్రం అట్టపెట్టె చూసి బేరమాడాడు.

అతని దుకాణం హైవేకు ఈ పక్క, కాంటా ఉన్న గోదాం ఆ పక్క. రైతు తూకం దగ్గర నిలబడితే బేరం తప్పుతుంది, బేరం దగ్గరుంటే తూకం కనబడదు. రోడ్డు మీదుగా తీగ గుంజడానికి అధికారులు ఒప్పుకోలేదు. అందుకని తొంభై ఎనిమిదిలో రెండు వైర్‌లెస్ కార్డులు తెప్పించి, చెరో కంప్యూటర్‌లో పెట్టించాడు. కాంటా మీది అంకె గాలిలో వచ్చి దుకాణం తెర మీద, రైతు కళ్లముందే పడేది. ఆ అంకెను చూసే పల్లెలు అతని వైపు మళ్లాయి.

మరుసటి ఏడు సరిగ్గా పంట దిగే వేళకు కరెంటు ఎగదన్ని దుకాణం కంప్యూటర్ కాలిపోయింది. కార్డు బతికింది. కొత్త కంప్యూటర్‌లో పెడితే ఉలకలేదు, పలకలేదు.

“కార్డు మంచిగనే ఉంది అబ్బాజాన్,” అంది పాలమూరులో కంప్యూటర్ నేర్చిన కూతురు వజీరా. “దాన్ని నడిపే ప్రోగ్రాం, డ్రైవర్ అంటరు, పాత విండోస్‌కు రాసింది. ఇండ్లున్న కొత్త విండోస్‌ల నడువది.”

“నువ్వు సదురు మరి. గంత సదివినవ్ గద!”

“లోపల ఏం రాసిన్రో సూడనియ్యరు. విండోస్ లెక్కనే లినక్స్ అని ఒకటుంది, ఎవరన్న సూసి బాగుచేసుకోవచ్చు. దాంట్ల గీ కార్డుకు డ్రైవర్ లేదు. కార్డుతోని ఎట్ల మాట్లాడాల్నో కంపెనోళ్లు చెప్తే నేనే రాస్త.”

కంపెనీకి రాసింది. ఆ రకం ఆపేశామని, లోపలి సంగతులు బయటికివ్వమని, కొత్తవి కొనుక్కోమని జవాబొచ్చింది.

“కొందామా?” అడిగాడు ఖాదర్.

“వచ్చేసరికి సీజన్ అయిపోతది. రేపు వాటికీ ఇదే గతి.”

తూకం మళ్లీ చీటీల మీద రోడ్డు దాటి రాసాగింది. ఏళ్ల తరబడి అతనికే పల్లికాయ వేస్తున్న అంజన్న తన చీటీని తిప్పి చూశాడు.

“నిరుడు అంకె టీవీల కనబడుతుండె. గిదేంది సేటూ?”

“మిషిని నడుస్తలేదు అంజన్నా.”

“పంట రాంగనే ఆగిందా? మస్తు తెలివైన మిషిని!”

వెనక రైతులు నవ్వారు. డ్రైవర్, కంపెనీ, జవాబు, అన్నీ నిజమే. ఇంకో వ్యాపారి ఇదే చెబితే ఖాదరూ నమ్మడు.

“దా, కాంటా కాడికి పోదాం. నీ ముందటనే మళ్ల జోకిస్త.”

“ఇయ్యాల నాకు సూపిస్తవ్. నేను సూడని నాడు?”

అంజన్న బస్తాలు తిరిగి బండికెత్తించాడు. వెనకున్నవాళ్లు ఒక్కొక్కరే అతని వెంట నడిచారు.

“కాంటా ముయ్యమంటవా సేటూ?” అడిగాడు హమాలీ గోపయ్య.

“ఉండనియ్యి. ఎవరన్న వస్తరేమో.”

పొద్దుగూకేముందు ఖాదరే రోడ్డు దాటి వెళ్లి కాంటా మూశాడు. ఆ సీజన్‌లో దాన్ని మళ్లీ తెరవాల్సిన పని పడలేదు.